కోకో కబురు

"సుంకాల మీద చర్చలు మొదలవుతున్నాయి. అవతలివాళ్ళ దేశంలో కోకో పంట విరగకాసిందన్నది నిజమేనా?" అడిగింది కెస్లర్. అమెరికా తరఫున బేరమాడేది ఆవిడే. పంట ఎక్కువైతే వాళ్ళకి అమ్ముకోక తప్పదు. సుంకం పెంచినా నోరెత్తరు.

"రెండు రహస్య ఆధారాలున్నాయి మేడమ్," అన్నాడు గూఢచారి సంస్థ అధికారి హాలిస్ దర్జాగా. "ఒకటి, వాళ్ళ మంత్రి ఆఫీసులో మన మనిషి."

"అతనికెవరు చెప్పారు సార్?" అంది అతని కింద పనిచేసే థెల్మా. ఆ పంట మీద నివేదిక రాసింది ఆమే. తప్పని తేలితే పోయేది ఆమె ఉద్యోగమే.

"లండన్ వర్తకుడు. మన రెండో ఆధారం అతనే."

"మరి అతనికి?"

హాలిస్ టై సవరించుకున్నాడు. "నేనే. భోజనాల దగ్గర మాటవరసకి అన్నాను."

"మీకెవరు చెప్పారు?"

"నువ్వే కదమ్మా, లిఫ్టులో!"

థెల్మాకి గుర్తొచ్చింది. లిఫ్టు ఆగిపోయినప్పుడు ఊసుపోక అన్న మాట అది. కెస్లర్ అప్పటికే నివేదిక పట్టుకుని, చర్చలకి వెళ్ళడానికి తలుపు తీస్తోంది. ఊరుకుంటే ఇప్పటికి ఉద్యోగం నిలుస్తుంది.

"ఆగండి మేడమ్! వానలు పడ్డాయి కదా, కోకో బాగా కాస్తుందేమో అన్నానంతే. నిజం ఎవరికీ తెలీదు."

కెస్లర్ నివేదికను బల్లమీద పడేసింది. "అయితే వాళ్ళ రైతులనే అడిగిద్దాం."

"అడగడమా?" హాలిస్ అదిరిపడ్డాడు. "మేడమ్, అలాంటి పని మా సంస్థ ఎన్నడూ చెయ్యలేదు!"