పీట మీంచి లేవలేదు

"ఎన్నాళ్ళ నుంచండీ మంట?"

కాకినాడ ఆసుపత్రిలో డాక్టర్ ఫణీంద్ర అడిగిన ప్రశ్నకి, మంచం మీద చలిజ్వరంతో వణుకుతున్న మణిశంకరం గారు కూతురి వైపు చూశారు. శ్రీదుర్గ తల దించుకుని గుమ్మం దాకా జరిగింది. అప్పుడు గొంతు తగ్గించి చెప్పారాయన.

"ఐదు రోజులండి. ఎదిగిన పిల్ల దగ్గర ఒంటేలు సంగతి ఏం చెప్పనండి?"

"మీరు సిగ్గుపడితే ఇన్‌ఫెక్షన్ ఆగుతుందా? అసలే మార్చిన కిడ్నీ! నిన్న నీళ్ళెన్ని తాగారు?"

"తాగలేదండి. మడిలో ఉన్నాను. కార్యం పూర్తయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు."

"మరి పొద్దుటి మాత్రలు?"

"నీళ్ళు లేకుండా ఎలాగండి?"

"పోనీ, పాసుకైనా లేచారా?"

"మధ్యలో లేస్తే మడి పోతుందండి. అయ్యేసరికి మూడు దాటింది."

డాక్టరు విసురుగా శ్రీదుర్గ వైపు తిరిగాడు. "నువ్వేం చేస్తున్నావమ్మా?"

నిన్న ఆమె పీట దగ్గరికి నీళ్ళ గ్లాసుతో మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ నాన్న కళ్ళతోనే వద్దన్నారు. పీట మీద కాళ్ళు బిగబట్టుకుని, చెమటలు కారుతున్నా ఒక్క మంత్రం మింగకుండా చెప్పారు.

"పెళ్ళిళ్ళ రోజులు. పురోహితులకి ఇంకేం పట్టదు!" అంటూ డాక్టరు ఫైలు తిరగేశాడు. "దాత, భార్య మాణిక్యాంబ. వేలూరు దాకా వెళ్ళి, ఒళ్ళు కోయించుకుని ఇచ్చిందండీ ఆ మహాతల్లి. దీన్ని పాడుచేసుకుని ఆవిడకేం చెబుతారు?"

మణిశంకరం గారు గోడవైపు తిరిగిపోయారు. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

"కిడ్నీ... ఉంటుందాండీ?" శ్రీదుర్గ మంచం దగ్గరికి వచ్చి అడిగింది.

"ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకేసిందమ్మా. ఇంజెక్షన్లు మొదలెట్టాం. నాకైతే ఆశ తక్కువ."

"ఎలాగైనా ఉంచండి. మాకు అదొక్కటే మిగిలిందండి."

పిల్ల ఏడుపు చూసి డాక్టరు మెత్తబడ్డాడు. మంచం వైపు తల ఊపి నెమ్మదిగా అడిగాడు.

"ఇంత ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ఎవరింట్లోనమ్మా ఆ కార్యం?"

"మా ఇంట్లోనేనండి."

"మీ ఇంట్లోనా? ఏం కార్యం?"

శ్రీదుర్గ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మ సంవత్సరీకమండి."