ఇత్తడి పిస్టన్

ఐటీఐ మాస్టారుగా రిటైరైన సాలమోను, రాజోలులో తన ఇంటి వెనక షెడ్డులో సొంత లేతు మిషను మీద అరచేతిలో పట్టేంత ఆవిరి ఇంజను తయారుచేశాడు. ఎన్నిసార్లు ఆవిరి పెట్టినా అది కదల్లేదు. ఆ ఉదయం మాత్రం చక్రం గిర్రున తిరిగింది. ఆయన చిన్నపిల్లాడిలా భార్యను కేకేశాడు.

కృపమ్మ వచ్చి చూసి, "ఆవిరి ఎటు నుంచి వెళుతోందండీ?" అని అడిగింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె అలాగే ఏదో ఒకటి అడిగేది, ఆయన మురిసిపోతూ విడమరిచి చెప్పేవాడు.

మధ్యాహ్నం శుభ్రం చేద్దామని ఇంజను విప్పాడు. తను చేసిన ప్రతి భాగం మీదా 'సా' అని గీయడం ఆయన అలవాటు. ఇత్తడి పిస్టన్ మీద ఆ అక్షరం లేదు. అది ఆయన చేసింది కాదు. తను చేసినదానికంటే నునుపుగా ఉంది.

"దీన్ని ఎవరిచేత చేయించేవు?" అన్నాడు.

"ఎవరిచేతా కాదండీ. మీరు చేసినదాని పక్క నుంచి ఆవిరి జారిపోతోంది. మొన్న మీరు చర్చి మీటింగుకెళ్లినప్పుడు నేనే చేసేను."

"లేతు మీదా?"

"ఆయ్."

సాలమోను పిస్టన్‌ను బల్ల మీద పడేశాడు. ఉదయం కలిగిన సంతోషం కాస్తా పోయింది. ఇన్నేళ్లూ ఆమె ఏమీ తెలియనట్టు అడిగిన ప్రశ్నలన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

"ఇంత మోసమా కృపా! పని వచ్చని ఒక్కసారైనా చెప్పలేదే!"

"పెళ్లయిన కొత్తలోనే అడిగేనండీ, నాక్కూడా నేర్పండని. మీరు నవ్వేసి, లేతు తుడవమని గుడ్డ చేతికిచ్చేరు."