కొట్టేసిన పేర్లు

"ఆ గీత గియ్యకు బావా! నలబై ఒక్క పేర్లు కొట్టేత్తే మనకేటి మిగుల్తాది?" అంటూ జగ్గారావు పెన్ను పట్టుకున్న చేతిని గట్టిగా పట్టేసుకున్నాడు.

శ్రీరామ్మూర్తి నెమ్మదిగా చెయ్యి విడిపించుకున్నాడు. ఖనిజం కూలీల సంఘానికి అతను కార్యదర్శి అయి నెల కూడా కాలేదు. ఓడల్లోకి ఇనప ఖనిజం ఎక్కించే ఆ కంపెనీలో కూలీలకు రెండు సంఘాలున్నాయి. ఒకటి వీళ్లది. రెండోది మేస్త్రీలు పెట్టించింది. పదిహేనో తారీఖున ఇద్దరూ సభ్యుల జాబితాలు తెండి, ఎవరివి ఎక్కువ పేర్లుంటే వాళ్లతోనే మాట్లాడతాను అని మేనేజరు కబురు పెట్టాడు. తీరా రిజిస్టరు తెరిస్తే, ఎమర్జెన్సీ ముందునుంచీ ఎవరూ ముట్టుకోనట్టుంది. పోయినవాళ్ల పేర్లన్నీ అలాగే ఉన్నాయి.

"సచ్చిపోయినోళ్లని తీసుకెళ్లి బతికున్నోళ్ల వరసలో నిలబెడతామేటి బావా? అప్పన్న సామి మెచ్చుతాడా?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"అప్పన్న వొచ్చి లెక్కెడతాడేటి? లెక్కెట్టేది మేనేజరు. రోజు కూలోళ్లలో ఎవుడున్నాడో ఎవుడు పోనాడో ఆడికేటి తెలుసు? సంఘం నడపమంటే నువ్వు సత్యనారాయణ వ్రతం సేత్తన్నావు!"

గోడవార బల్లమీద గవర్రాజు కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. ఆ తువ్వాలు లోపల మణికట్టు దాకానే ఉంది చెయ్యి. రైలు వేగను తలుపు చేతిమీద పడింది. పార పట్టలేనివాడికి పనేమిటని కంపెనీ ఇంటికి పొమ్మంది. గేటు దగ్గర కాపలా పనైనా ఇప్పించాలని సంఘం అర్జీ రాసి పెట్టుకుంది. మాటలంటూ జరిగితే మొదటి మాట అదే.

శ్రీరామ్మూర్తి అతనివైపు తిరిగాడు. "నువ్వు సెప్పు గవర్రాజూ. నీ పని కోసమే గదా ఇదంతా."

"నానేటి సెప్తాను బాబూ. ఆ నలబైమందీ నేకపోయినా మనమే ఎక్కువ గదా?"

"ఎక్కువే. రెండొందల పన్నెండు మందిమి, అందరం బతికున్నోళ్లమే. ఆళ్లు రెండొందలు కూడా నేరు."

"మరింకేటి? నీకు నాయమని తోసింది సెయ్యి బాబూ."

శ్రీరామ్మూర్తి స్కేలు పెట్టి, ఒక్కొక్క పేరు పైకి చదువుతూ, నలభై ఒక్క గీతలు గీశాడు.

చాటుగా కొట్టేస్తే రేపు ఎవరైనా వేలెత్తి చూపుతారు. సంఘంలో దాపరికం అన్నది ఇక ఉండకూడదు. మర్నాడు స్నానం చేసి, దీపం పెట్టుకుని, తెల్లకాగితం మీద నోటీసు రాశాడు. ఒక్కొక్కరి ముందూ 'కీ.శే.' పెట్టి పోయినవాళ్ల పేర్లు, తండ్రి పేర్లు, పెందుర్తి అయితే పెందుర్తి, ఆనందపురం అయితే ఆనందపురం అని ఊళ్లు, పనిచేసిన ముఠాలు అన్నీ వరసగా రాసి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే వారంలోగా చెప్పాలని కింద సంతకం చేసి, సంఘం షెడ్డు బయట రోడ్డువైపు బోర్డుకి అంటించాడు. దారినపోయేవాళ్లు కూడా ఆగి చదివారు. తవిటమ్మ అనే ముసలమ్మ తన మొగుడి పేరు ఎక్కడుందో అడిగి తెలుసుకుని, దానిమీద వేలుపెట్టి, "బతికున్నప్పుడు ఆడి పేరు ఇంతందంగా ఎవులూ రాయనేదు బాబూ" అంది.

అభ్యంతరం ఒక్కటీ రాలేదు.

పదిహేనో తారీఖున మేనేజరు రెండు జాబితాలూ ముందు పెట్టుకుని, రెండుసార్లు లెక్కపెట్టి, కాగితం మీద సంతకం చేసేశాడు.

"మీవి రెండు వందల పన్నెండు. వీళ్లవి రెండు వందల ముప్పై ఆరు. ఇక నుంచి కంపెనీ వీళ్లతోనే మాట్లాడుతుంది."

గవర్రాజు కోసం రాసిన అర్జీని మేనేజరు మడత కూడా విప్పకుండా శ్రీరామ్మూర్తి వైపు తోశాడు. "ఇది కూడా వీళ్ల ద్వారానే రావాలి."

మేస్త్రీల సంఘం అధ్యక్షుడు భీమశంకరరావు కాలుమీద కాలేసుకుని నవ్వాడు. "ఒంటిసెయ్యోడు దొంగనేటి పట్టుకుంటాడు సార్? మా సంఘానికి అలాటి కోరికలేటీ నేవు."

గుమ్మం బయట నిలబడ్డ గవర్రాజు ఆ మాట విన్నాడు. తువ్వాలు ఇంకొక చుట్టు బిగించుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా గేటువైపు నడిచాడు.

"సూడు బావా, సూడు!" జగ్గారావు శ్రీరామ్మూర్తి చెవి దగ్గర పళ్లు కొరికాడు. "మనోళ్లనలా ఉండనిచ్చుంటే రెండొందల యాబై మూడు. ఆడి పొట్టమీద గీసావు ఆ గీతలు!"

తను చేసింది తప్పని శ్రీరామ్మూర్తి మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. మరి ఒప్పయితే, ఆ చేతిలేనివాడు అలా ఎందుకు వెళ్లిపోవాలి? పది రోజుల్లో అంతమంది అటువైపు ఎలా చేరారు? బతికున్న మనుషులు తమ ఇష్టంకొద్దీ చేరితే ఎవరిని ఏమనగలడు?

"ఆ జాబితా ఒకసారి సూడొచ్చా అండీ?" అని అడిగాడు.

"చూసుకోండి. సంతకం అయిపోయింది, ఇక మారేదేం లేదు" అన్నాడు మేనేజరు ఫోను అందుకుంటూ.

శ్రీరామ్మూర్తి కాగితాలు తిప్పాడు. నూట తొంభై ఐదు దాకా పాత సభ్యులు. ఆ కింద గీత కొట్టి, కొత్తగా చేరినవాళ్లు అని టైపు చేసి ఉంది. అతని వేలు ఆ గీత కిందికి దిగి, అక్కడే ఆగిపోయింది.

కొత్తగా చేరిన నలభై ఒక్కమందిలో మొదటివాడి పేరు ముందు 'కీ.శే.' తీసెయ్యడం, టైపు చేసినవాడు మరిచిపోయాడు.