మూడో పెట్టె చక్రం

“టక్... టక్... టక్. బండి వచ్చాక నువ్వే విందువుగాని, నాయనా. మూడో పెట్టె చక్రం అది,” అంది సాల్హా, టీ గ్లాసు వజ్దీ ముందుకు జరుపుతూ.

బయట ఎడారి గాలి ఎర్రదుమ్ము రేపుతోంది. జీపు దిగి గుమ్మం దాకా రావడానికే వజ్దీ కళ్లు మూసుకోవలసి వచ్చింది. రైల్వే ఇంజినీరుగా గఫ్సా వచ్చి ఇంకా నెల తిరగలేదు. ‘సాల్హా పిన్ని ఫిర్యాదు’ అనగానే ఆఫీసులో అందరూ మొహాలు చూసుకుని నవ్వారు. కొత్తవాడు గదా, అతన్నే పంపారు.

“మా ఆయన తోలే ఫాస్ఫేట్ బండి నాయనా అది. ఆ చక్రం విరిగితే లోయ వంతెన మీదే విరుగుతుంది. నీకంటే ముందు నలుగురొచ్చారు. నా టీ తాగి, ఏమీ వినపడలేదని చక్కాపోయారు. చెవుడు వాళ్లకో, నాకో!”

“ఇంత గాలిలో బండి వస్తుందా, పిన్నీ?”

“గాలీ వానా ఆయనకో లెక్కా?”

అంతలో గ్లాసులో టీ వణికింది. దుమ్ములోంచి కూత వినిపించింది. నేల అదిరింది. ఆ వెనకే టక్... టక్... టక్.

వజ్దీ గ్లాసు కింద పెట్టి చెవి ఒగ్గాడు.

“బ్రేకు పట్టేసి చక్రం జారినట్టుంది, పిన్నీ. ఒకచోట అరిగి చదునైపోయింది. తిరిగినప్పుడల్లా పట్టాను సుత్తిలా బాదుతోంది. ఇలా బాదుకుంటూ పోతే లోపల బీటలు పుడతాయి. పైకేమీ కనబడదు, ఒకరోజు ఉన్నట్టుండి పగులుతుంది.”

సాల్హా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. “విన్నావా? నిజంగా విన్నావా?”

“వినకేం? ఇవాళే బండి ఆపిస్తాను. మీ ఆయన ప్రాణానికి నాది పూచీ.”

“నీ కడుపు చల్లగుండ!” అంటూ ఆమె బావురుమంది.

వజ్దీకి గర్వంగా అనిపించింది. అలాంటి చక్రం పోతూపోతూ పట్టా మీద కూడా సమాన దూరంలో సొట్టలు వేస్తుంది. రెండు సొట్టలు ఫొటో తీస్తే చాలు, నవ్విన వాళ్ల నోళ్లు మూతపడతాయి.

గాలి కాస్త తెరిపిచ్చింది. ఫోను పట్టుకుని పెరటి తలుపు తీసి, ఇంటి వెనకున్న రైలు కట్ట ఎక్కాడు. మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తుడిచాడు. ఇంకా తుడిచాడు. చేతికి కంకర తగిలింది, ముళ్లపొదల వేళ్లు తగిలాయి.

“సొట్టలు కనబడ్డాయా, నాయనా?” లోపలినుంచి సాల్హా కేకేసింది.

కట్ట మీద పట్టాలే లేవు.