లావారిస్ చేను

"పెంచుకున్నంత మాత్రాన వారసురాలివైతవా? అంజన్న కన్నడా నిన్ను? జరుగు పక్కకు!"

ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్ లక్ష్మీరాజం ఎంత అరిచినా నర్మద గుడిసె గుమ్మంలోంచి కదల్లేదు. అంజన్న పోయి ఇంకా నెల కాలేదు. దిక్కులేని పిల్లను తెచ్చి పెంచాడాయన. ఆయన మంచాన పడ్డప్పుడు చాకిరీ చేసిందీ ఆ పిల్లే. ఈ గుడిసె, దాని వెనక బావి చేను పోతే ఆమెకు తలదాచుకునే చోటు లేదు.

ఆ సంగతి పటేల్‌కు తెలియక కాదు. కానీ బావి చేను ఆయన చేనును ఆనుకునే ఉంది. ఏళ్ల తరబడి గట్టు మీద నిలబడి గుటకలు మింగుతున్నాడు పాపం. లావారిస్, అంటే వారసులు లేని ఆస్తి అని తేలితే సర్కారు హర్రాజు పెడుతుంది. హర్రాజులో పటేల్ మీద పాట పెంచే మొనగాడు ఊళ్లో ఇంకా పుట్టలేదు. అందుకే లక్సెట్టిపేట నుంచి తహసీల్దారును వెంటబెట్టుకుని మరీ తెచ్చుకున్నాడు.

తహసీల్దారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రాడు. చదివింది నలుగురికీ చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు.

"దీన్ని ఇంగ్లీషులో ఎస్చీట్ అంటారు పటేల్ గారూ," అంటూ నులక మంచం మీద కూర్చుని మొదలుపెట్టాడు. "వారసుల్లేని ఆస్తి సర్కారుకు చెందడం అన్నమాట. పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. అసలు అర్థం రాలిపడటం."

"మామిడిపండు రాలినట్టు! మంచిగున్నది సార్."

"ఇంకా వినండి. పూర్వం ఇంగ్లండులో ఈ పనికి ప్రత్యేకంగా అధికార్లుండేవారు. వారసులున్నా లేరని తేల్చేసి భూములు లాక్కునేవారట. జనం ఎంత విసిగిపోయారంటే, వాళ్ల నిర్వాకంలోంచే చీట్ అన్న మాట పుట్టింది. చీట్ అంటే దగా."

అందరికన్నా గట్టిగా నవ్వింది పటేలే.

"మన దగ్గర గసొంటియి నడువయి సార్. అంజన్న పెండ్లాం ఎన్నడో సచ్చింది. ముందటెన్క ఎవ్వలు లేరు. గీ పొల్లను జర ఎల్లగొట్టిస్తే అయిపోతది."

"అయినా చాటింపు వెయ్యాలి కదండీ."

ఊరి మస్కూరి బాలమల్లు డప్పు భుజాన తగిలించుకుని బయలుదేరాడు. "సచ్చిపోయిన అంజన్నకు కన్నబిడ్డలు గని, రక్తం పంచుకున్నోళ్లు గని ఉంటే చేను కాడికి రావాలహో!" డప్పు చప్పుడు ఊరంతా తిరిగి వచ్చింది. ఎవరూ రాలేదు. నర్మద కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పటేల్ మాత్రం మధ్యనున్న గట్టును ఎప్పుడు తవ్వించాలా అని లెక్కలేసుకుంటున్నాడు.

అంతలో కర్ర పొడుచుకుంటూ దేవవ్వ వచ్చింది. పటేల్ తల్లి. 'గా పొల్ల జోలికి పోకు కొడుకా' అని పొద్దున ఇంట్లో బతిమాలిన మనిషే. ఇక్కడ కూడా అదే పాట ఎత్తుకుంటుందేమోనని పటేల్‌కు ఒళ్లు మండింది.

"నీకేం పనే అవ్వా ఈడ? ఇంటికి నడువు. సారున్నడు."

"వారసుడుంటే రమ్మని చాటిండ్రు గద. తోలుకొచ్చిన."

పటేల్ గబగబా తల్లి వెనక్కి చూశాడు. గట్టు మీద పురుగు కూడా లేదు.

"ఎవరమ్మా? సొంత కొడుకా?" తహసీల్దారు లేచి నిలబడ్డాడు.

"కన్నకొడుకే సారూ. తల్లి కాన్పుల పోయింది."

"మతి పోయిందానే నీకు? ఎవడు వాడు? ఇన్నేండ్లు ఏడ దాసినవ్? గిది దగా సార్! అంతా దగా!" పటేల్ తల్లి మీదికి రెండడుగులు వేశాడు.

దేవవ్వ కర్ర కింద పడేసి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"నేను కన్నోడు పురిట్లనే పోయిండు బిడ్డా. పాలకేడుస్తున్న నిన్ను దెచ్చి అంజన్న నా ఒళ్లె పెట్టిండు. పటేలింటికి వారసున్ని ఇచ్చి, తాను లావారిస్ అయిండు."