ఎదురింటి కొమ్మ

సోమవారం పొద్దున్నే వైన్ కంపెనీ మనిషి కాగితాలు పట్టుకుని వస్తాడు. సబేలా సంతకం పెడితే ఇక తోటలో పండిన ద్రాక్షంతా లారీ ఎక్కి కంపెనీకి పోతుంది. ఇంట్లో వైన్ చేసే పనే ఉండదు. తాత తవ్వించిన నేలమాళిగకు తాళం పడుతుంది.

“పెట్టెయ్యవే, పీడా పోతుంది,” అన్నాడు మొగుడు బ్రాయిస్. “అయినా నీ వైన్ ఎవడు తాగుతున్నాడు గనక?”

ఆ మాట చురుక్కుమంది. నిజం కాబట్టి ఇంకాస్త ఎక్కువే చురుక్కుమంది.

ఈ ఏడు మొదటిసారి సబేలా తన గుమ్మానికి లారెల్ చెట్టు కొమ్మ కట్టింది. స్పెయిన్‌లోని ఈ సాల్నేస్ లోయలో గుమ్మానికి కొమ్మ వేలాడిందంటే ఆ ఇంట్లో సొంత వైన్ మిగిలి ఉందని, వచ్చి కూర్చుని తాగమని పిలుపు. వైన్ అయిపోయిన రోజు కొమ్మ దించెయ్యాలి. సబేలా కొమ్మ ఎండి గలగలలాడుతోంది గానీ పీపా మాత్రం సగం నిండుగానే ఉంది. ఆ తగ్గిన సగమైనా, కూతురి పెళ్ళని చెప్పి ఎవరో పెద్దమనిషి వ్యాన్ వేసుకొచ్చి పట్టుకుపోయింది.

“పెళ్ళివాళ్ళు తీసుకెళ్ళారుగా!” అంది సబేలా.

“పెళ్ళిలో ఏది పోసినా తాగుతారు.”

రోడ్డు అవతల అమారో మామ ఇంట్లో మాత్రం ఇసక వేస్తే రాలనంత జనం. నలభై ఏళ్ళుగా ఆయన గుమ్మానికి కొమ్మ కడుతున్నాడు. ఊరి పండగకు ముందు అది దిగిన ఏడాది లేదు. పైగా ఈసారి మామ చెయ్యి మరీ తిరిగిందని, ఇలాంటి అల్బరీన్యో ద్రాక్ష వైన్ తామెన్నడూ తాగలేదని ఊరంతా ఒకటే పొగడ్త. ఆ పొగడ్తలు కిటికీలోంచి రోజూ సబేలా చెవిన పడుతూనే ఉన్నాయి.

“సరే, పందెం,” అంది. “ఇప్పుడే వెళ్ళి మామ వైన్ తాగుతా. నాదానికన్నా బాగుంటే సంతకం పెడతా. లేదంటే ఆ కాగితాలతో పొయ్యి రాజేస్తా.”

“పోటీ నీదే, తీర్పూ నీదేనా? బాగుందమ్మా!”

“నా ముక్కు అబద్ధం చెప్పదు. ఈ లోయలో ఏ ఇంటి వైనో వాసన చూసి చెప్తాను, తెలుసా?”

బ్రాయిస్ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే వెంట బయల్దేరాడు.

ద్రాక్షపందిరి కింద బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. మూల బల్ల దగ్గర ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు.

“మామా, ఒక జగ్గు!”

అమారో మామ చేతిలో పళ్ళెం జారబోయింది.

“నువ్వా! నీకెందుకే వైన్? ఇంట్లో ఉందిగా.”

“మీది రుచి చూద్దామని.”

“ఈ ఎండలో వైనేంటి, చల్లగా నిమ్మనీళ్ళు తాగు. దోసిందా! ఈ పిల్లలిద్దరికీ ఆక్టోపస్ పెట్టు!” అని పెళ్ళాన్ని కేకేశాడు.

“నిమ్మనీళ్ళకి రోడ్డు దాటి రావాలా మామా? వైన్ తెండి.”

మామూలుగా అయితే తన వైన్ గురించి ఉపన్యాసం దంచనిదే ఎవరినీ గుటక వెయ్యనివ్వడు మామ. ఇవాళ జగ్గు బల్ల మీద పెట్టి, మారు మాట్లాడకుండా మిరపకాయలు వేగుతున్న బాణలి దగ్గరికి జారుకున్నాడు. పోటీకొచ్చానని పసిగట్టి బెట్టు చేస్తున్నాడనుకుంది సబేలా.

తెల్ల పింగాణీ గిన్నెలో పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

ముందు పీచ్ పండు వాసన. దాని వెనకే నిమ్మతొక్క. గుటక వేస్తే చల్లగా, చురుగ్గా దిగి, చివర్లో నాలిక మీద సముద్రపు ఉప్పు వదిలిపోయింది. తన పీపాలోది రోజూ రుచి చూసి పులుపెక్కువ, పస తక్కువ అని దిగులుపడేది సబేలా. ఇందులోనూ పులుపుంది. కానీ ఎంత పొగరైన పులుపు!

ఇంకో గిన్నె తాగింది. తప్పు పట్టడానికి మూడోదీ తాగింది. తప్పు దొరకలేదు.

“ఎలా ఉంది?” అన్నాడు బ్రాయిస్.

బాగాలేదని చెప్పొచ్చు. అడ్డుకునేవాళ్ళు లేరు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

“బాగుంది,” అంది.

“నీదానికన్నానా?”

“నాదానికన్నా.”

బ్రాయిస్ నవ్వు ఆగిపోయింది. పెళ్ళాం కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి బిక్కమొహం వేశాడు. “పోనీలేవే, పందెం లేదు గిందెం లేదు. నేనేదో వేళాకోళానికన్నాను.”

“మాట మాటే,” అని లేచింది సబేలా. నేరుగా బాణలి దగ్గరికి వెళ్ళింది.

“మామా, మీరే గెలిచారు. మీ వైన్ ముందు నాది కడుగునీళ్ళు. సోమవారం కంపెనీకి సంతకం పెట్టేస్తున్నా. ఇంక వైన్ జోలికి పోను.”

మామ మొహం ఎర్రగా కందిపోయింది. మిరపకాయలు మాడి పొగలొస్తున్నా ఆయనకు పట్టలేదు. పెళ్ళాం దోసిందా వైపు తిరిగి, వద్దే వద్దే అన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు.

దోసిందా గరిటె విసిరి బాణలిలో పడేసింది.

“నా వల్ల కాదయ్యా! నీ నామోషీ కోసం ఈ పిల్ల గొంతు కొయ్యలేను.”

దోసిందా సబేలా రెండు భుజాలూ పట్టుకుంది.

“మా పీపా ఈస్టరుకే వెనిగరైపోతే, పండగకు ముందు కొమ్మ దించలేక పెళ్ళని అబద్ధమాడి మీ ఇంటికి వ్యాన్ వేసుకొచ్చింది మా అన్నే, నువ్విప్పుడు మూడు గిన్నెలు తాగింది నీ వైనే!”