అయిదోవాడు

"నలుగురేనా? అయిదోవాడేడీ?"

ప్రెస్‌మీట్ మధ్యలో మ్వనాషా వేసిన కేకకు పోలీసు అధికారి ముసెంబి ఉపన్యాసం ఆగిపోయింది. ఎన్నికలు నెత్తిమీదికి వచ్చాయి. ప్రభుత్వం ఉగ్రవాదుల నడ్డి విరిచిందని అప్పటిదాకా ఊదరగొడుతున్నాడాయన. వెనుక నలుగురు కుర్రాళ్లు తలలకు ముసుగులతో నిలబడి ఉన్నారు. వాళ్ల పేర్లు అప్పటికే చదివేశాడు. ముందు బల్లమీద నాలుగు కత్తులు, కాస్త వైరు.

తమ్ముడు హముదు ఆమె చెయ్యి పట్టి లాగాడు. "అక్కా, నీకు మతిగాని పోయిందా? నీ కొడుకు పేరు బయటపెట్టలేదంటే మేలు చేసినట్టే. టీవీలో వేస్తే మొంబాసాలో తలెత్తుకు తిరగగలమా? నా కొట్టు గడప ఎవడైనా తొక్కుతాడా?"

"నీ కొట్టు తగలెయ్య! టీవీలో కనబడ్డవాడు కోర్టుకు పోతాడురా. కనబడనివాడు సముద్రంలో చేపలకు పోతాడు. ఈ పేటలో ఏ తల్లినడిగినా చెబుతుంది."

కెమెరాలు ఇటు తిరగ్గానే హముదు టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని జారుకున్నాడు.

"మీవాడెవరో మాకు తెలీదమ్మా," అన్నాడు ముసెంబి.

"తెలీకపోవడమేంటి సార్! ఫెర్రీ దగ్గర వ్యాన్‌లోంచి అయిదుగురిని దింపుకుపోయారు. వీధి వీధంతా చూసింది. నా అతుమాని ఉగ్రవాదే అనండి. బాంబులు చేశాడనండి. నేనే సాక్ష్యం చెబుతాను. ముందు వాణ్ని చూపించండి!"

ఏ తల్లీ అడగని కోరిక అది. విలేఖరులకు పండగైంది.

"సార్, లైవ్‌లో ఉన్నాం. అయిదోవాణ్ని మాయం చేశారా?" అంది ఒకమ్మాయి, మైకు ఆయన గడ్డం కిందికి తోస్తూ.

ముసెంబి చెమట తుడుచుకున్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ చెవిలో ఏదో ఊదాడు. తర్వాత నవ్వు పులుముకుని, "మా దగ్గర దాపరికం లేదు. విచారణ కోసం విడిగా ఉంచాం, అంతే," అన్నాడు.

కాసేపటికి ఇంకొక ముసుగు కుర్రాణ్ని తోసుకొచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు.

"ఇదిగోనమ్మా మీ అతుమాని. మొహం మాత్రం చూపించం, భద్రతా కారణాలు..."

ఆ మాట పూర్తికాకముందే మ్వనాషా బల్ల పక్కనుంచి దూరి ముసుగు లాగేసింది. వాచిన కన్ను, చితికిన పెదవి. లాగిన ముసుగును ఆమె పిడికిట్లో బిగించింది. ఆ కుర్రాడు వణుకుతూ ఆమెనే చూస్తున్నాడు.

"నా నాయనే! నా అతుమానే!" అని బావురుమంది మ్వనాషా. ముసెంబి బిగబట్టిన ఊపిరి వదిలాడు.

ఆమె కుర్రాడి మొహాన్ని రెండు చేతులా పట్టుకుని కెమెరాలవైపు తిప్పింది. "బాగా తీసుకోండమ్మా! ప్రాణాలతో ఉన్నాడు. కాళ్లమీద నిలబడ్డాడు. రేపు కోర్టుకు ఇలాగే రావాలి. రాకపోతే దేశమంతా అడగాలి!"

"వస్తాడమ్మా, మాది పూచీ," అనక తప్పలేదు ముసెంబికి.

అప్పుడు మ్వనాషా ఆ కుర్రాణ్ని గుండెలకు హత్తుకుని, ఎవరికీ వినబడకుండా చెవిలో అంది: "నావాడిక లేడని తెలిసిపోయింది. నువ్వెవరి బిడ్డవో చెప్పు నాయనా, మీ అమ్మకైనా కబురు పెడతాను."